మతి తప్పిన నాడే చెల్లని ముక్త్యార్

కన్నవాళ్ల తరఫున అద్దె ఇల్లు ఖాళీ చేయడం, వాళ్ల పేరున ఉన్న పొలం కౌలు ముగించుకోవడం పైకి చిన్న పనుల్లాగే కనిపిస్తాయి. విజయవాడ సత్యనారాయణపురంలోనో పటమటలోనో ఒక పోర్షన్‌లో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడకు జ్ఞాపకం చెదిరిపోతే, వేరే ఊళ్లో ఉన్న కూతురు వచ్చి తీసుకెళ్తుంది. సామాను ఆటో ఎక్కుతుంది, తాళాలు ఇంటివాళ్ల చేతికి వెళ్తాయి. మొవ్వలోనో పామర్రు దగ్గరో మూడెకరాలు కౌలుకిచ్చిన పెద్దాయన పక్షవాతంతో మంచాన పడి మాటా తెలివీ కోల్పోతే, పెద్ద కొడుకు వచ్చి కౌలు రైతుతో మాట్లాడుకుంటాడు. ఊళ్లో ఎవరూ దాన్ని తప్పుపట్టరు. అయితే ఆ కూతురికి గానీ ఆ కొడుక్కి గానీ ఆ పని చేసే హక్కును ఏ చట్టమూ తనంతట ఇవ్వడం లేదు. అద్దె ఒప్పందం తల్లి పేరున ఉంది, పట్టాదారు పాసుపుస్తకం తండ్రి పేరున ఉంది. ఇద్దరూ బతికే ఉన్నారు, ఇద్దరూ సంతకం పెట్టగల స్థితిలో లేరు. పెద్దల తరఫున పని నడపడానికి మామూలు కుటుంబాలకు తెలిసిన కాగితం ఒక్కటే, జీపీఏ అని అందరం పిలిచే ముక్త్యార్‌నామా. అది ఏ రోజు అవసరమో సరిగ్గా ఆ రోజే చెల్లకుండా పోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దే చట్టం ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేయగలదు, చేయాలి, ఇక వాయిదా వేయకూడదు అన్నది ఈ వ్యాసం వాదన.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చినవారు గానీ పుచ్చుకున్నవారు గానీ చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది. తరువాతి సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది కానీ, ఆస్తిలో తనకంటూ సొంత ప్రయోజనం ఉన్న ఏజెంటుకే అది వర్తిస్తుంది. తల్లి ఇంటి వ్యవహారం చూసే కూతురికి అలాంటి ప్రయోజనం ఉండదు. 209వ సెక్షన్ మాత్రం యజమాని మరణించినా మతి కోల్పోయినా అప్పగించిన ప్రయోజనాలు పాడవకుండా కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవాలని ఏజెంటుకు చెబుతోంది. కాపాడమన్న ఆ మాటను పట్టుకుని ఒక ఒప్పందాన్ని రద్దు చేయడానికో, అడ్వాన్సు వసూలు చేసుకోవడానికో ఏ కుటుంబమూ ధైర్యంగా ముందుకు వెళ్లలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఫొటో దిగి, వేలిముద్ర వేసి, స్టాంపు డ్యూటీ కట్టి చేయించుకున్న జీపీఏ కనుక భయం లేదని చాలామంది నమ్ముతారు. రిజిస్ట్రేషన్ ఆ కాగితం ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో రుజువు చేస్తుందే తప్ప దాని ఆయుష్షును పెంచదు. జీపీఏ మీద జరిగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. మతి తప్పాక జీపీఏ చెల్లదన్న, అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కుటుంబాలను తాకే సంగతి మీద మాత్రం చర్చ జరగలేదు.

1872లో ఆ నిబంధన పెట్టినవారి తర్కం అర్థం కానిది కాదు. వర్తకుడు తన గుమాస్తాకు అధికారం ఇస్తాడు. గుమాస్తా తప్పు చేస్తే పట్టుకునే తెలివి వర్తకుడికి ఉండాలి. ఆ తెలివి పోయిన నాడు గుమాస్తాను అదుపు చేసేవారు ఉండరు కనుక అధికారం కూడా పోవాలి. వ్యాపారానికి ఇది సరిపోయింది. ఇప్పుడు మన ఇళ్లలో ముక్త్యార్ రాసేది వ్యాపారం కోసం కాదు, వృద్ధాప్యం కోసం. రేపు నాకు తెలియకుండా పోతే నా పనులు నువ్వు చూడు అన్నదే ఆ కాగితం రాయించేవారి మనసులోని మాట. చట్టం సరిగ్గా ఆ మాటనే చెల్లనివ్వడం లేదు.

ఇది కొద్దిమంది ఇబ్బంది కాదు. జాతీయ గణాంక కార్యాలయం అంచనా ప్రకారం 2021 నాటికి ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 12.4 శాతం. కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్, పంజాబ్ తరువాత వరుసలో మన రాష్ట్రమే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన సంతానోత్పత్తి రేటు 1.7గా తేలింది, అంటే ఒక్కో పెద్దావిడకు అండగా నిలిచే పిల్లల సంఖ్య ఇంకా తగ్గుతుంది. రాష్ట్రం ముసలిదవుతోందన్న ఆందోళనతోనే 2024లో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ప్రభుత్వం ఎత్తివేసింది. ఇక మతిమరుపు వ్యాధి సంగతి. వృద్ధాప్యం మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ అధ్యయనం ఆధారంగా 2023లో వచ్చిన అంచనా, 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని చెప్పింది. పక్షవాతం, తలకు దెబ్బలు, కోమా ఈ లెక్కలో లేవు. వీటికి తోడు డెల్టాకు ప్రత్యేకమైన పరిస్థితి ఒకటుంది. చదువు, దాని వెంట వలస ఇక్కడ తరాల నాటి అలవాటు. గుడివాడ, ఉయ్యూరు, తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు ఇక్కడ, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండటం సర్వసాధారణం. ఎదురుగా ఉన్న కొడుకు మాటతో పని జరిగిపోయే ఊళ్లో కూడా, సముద్రం అవతలి కొడుక్కి కాగితం కావాలి. ఆ కాగితమే ఇక్కడ లేదు.

ముందు పట్నం సంగతి చూద్దాం. నివాస గృహాల అద్దెను నెలవారీగా పరిగణిస్తూ, పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే. నోటీసు రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో గానీ వారి తరఫు సంతకంతో గానీ ఉండాలంటుంది. తరఫున అన్న మాట అక్కడ ఉంది, కానీ మతి తప్పిన మనిషి తరఫున ఎవరన్నదానికి జవాబు లేదు. విజయవాడలో ఎక్కువ ఒప్పందాలు పదకొండు నెలలవి, రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి రాసుకునేవి. గడువు తీరాక మాట మీదే ఏళ్లకేళ్లు నడుస్తాయి. ఇంటివాళ్లు మంచివాళ్లయితే తాళాలు తీసుకుని, అడ్వాన్సులో సున్నం ఖర్చూ కరెంటు బకాయీ మినహాయించుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే ఏం చేయాలి? అడ్వాన్సు తల్లి ఇచ్చింది, రసీదు ఉంటే ఆమె పేరునే ఉంటుంది, తిరిగి పడాల్సింది ఆమె ఖాతాలోనే. ఆ ఖాతా చెక్కు మీద సంతకం కలవదు. ఇంటివాళ్ల వైపు నుంచి చూసినా భయం తక్కువేమీ కాదు. ఇవాళ పెద్ద కూతురు వచ్చి ఇల్లు అప్పగిస్తుంది, వచ్చే నెల కొడుకు వచ్చి అమ్మ బీరువా ఏదని అడుగుతాడు. అద్దెకున్న మనిషి చనిపోతే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం చూపి వారసులందరూ కలిసి లెక్క తేల్చుకోవచ్చు. బతికి ఉన్న మనిషికి వారసులుండరు. ప్రాణం ఉండి తెలివి లేని ఆ మధ్య కాలానికి, అది ఆరు నెలలైనా ఆరేళ్లయినా, ఏ ఆఫీసూ ఏ పత్రమూ ఇవ్వదు. ఈలోగా ఎవరూ ఉండని ఇంటికి అద్దె కట్టుకుంటూ పోయే కుటుంబాలున్నాయి, ఆ డబ్బు ఆ పెద్దావిడ మందులకు వెళ్లాల్సింది.

డెల్టాలో సమస్య ఇంతకంటే లోతైనది, ఎందుకంటే అక్కడ సంతకం పెట్టలేని యజమాని వెనుక ఇంకో కుటుంబం కూడా నలిగిపోతుంది. జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో 42.4 శాతం కౌలుకు తీసుకున్న భూమితో నడుస్తున్నాయి. దేశంలో ఇదే అత్యధికం, జాతీయ సగటు 17.3 శాతమే. కృష్ణా ఆయకట్టులో సార్వా, దాళ్వా, మాగాణి మినుము, ఏది చూసినా చేలో ఉన్నది చాలావరకు కౌలు రైతే. ఒప్పందం నోటిమాట. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా కుదుర్చుకుంటారు, ఏరువాకకు ముందే పెద్దమనుషుల సమక్షంలో మాట అయిపోతుంది. కాగితం లేకపోవడానికి కారణం చరిత్రలో ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం, 1974లో దానికి వచ్చిన సవరణ కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చాయి, యజమాని ఇష్టం వచ్చినట్టు లేపేయడానికి వీల్లేకుండా చేశాయి. ఉద్దేశం న్యాయమైనదే. కానీ రాసిస్తే భూమి చేజారుతుందన్న భయం యజమానుల్లో నాటుకుపోయి, ఒప్పందాలన్నీ నోటిమాటల్లోకి వెళ్లిపోయాయి. ఆ భయం పోగొట్టడానికే 2011లో లైసెన్సు పొందిన సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండోది పదకొండు నెలలకు పరిమితమైన హక్కు పత్రం ఇస్తుంది, భూమి మీద మరే హక్కూ పుట్టదని స్పష్టంగా చెబుతుంది. కానీ ఆ పత్రం కావాలంటే పట్టాదారు సంతకం కావాలి.

ఆ పట్టాదారు మంచాన ఉండి మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే? సంతకం లేదు కనుక హక్కు పత్రం లేదు. పత్రం లేదు కనుక బ్యాంకు పంట రుణం లేదు, ధాన్యం అమ్ముకునే దగ్గర, పంట నష్టపరిహారం దగ్గర అదనపు తిప్పలు. కొడుకు మంచివాడై, కౌలు రైతుకు సాయం చేయాలనుకున్నా చేయలేడు, అతని సంతకం చెల్లదు. అన్నదమ్ములిద్దరి మధ్య పొత్తు లేకపోతే కథ ఇంకా పాడవుతుంది. ఒకరు మక్తా బస్తాలు తోలించుకుంటారు, ఇంకొకరు వచ్చే ఏడాదికి వేరే రైతుకు మాట ఇస్తారు, పాత రైతు దమ్ము చేసుకున్నాక గొడవ బయటపడుతుంది. ఇద్దరిలో ఎవరికీ హక్కు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు, నష్టం మాత్రం విత్తనం చల్లినవాడిది. యజమాని సంతకం అవసరం లేకుండానే పత్రం ఇవ్వాలని కౌలు రైతు సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఆ కోరిక నెరవేరాల్సిందే. కానీ నెరవేరినా కౌలు ఎవరు ఇవ్వాలి, మక్తా ఎవరికి కట్టాలి, ఎవరు చెబితే కౌలు ముగిసినట్టు అన్న ప్రశ్నలు అలాగే మిగులుతాయి.

చట్టంలో వేరే తలుపులేవీ లేవా అని అడగవచ్చు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఒక తలుపు ఉండేది. మానసిక వ్యాధి ఉన్న వ్యక్తి ఆస్తి చూసుకోవడానికి జిల్లా కోర్టు విచారణ జరిపి ఒక మేనేజరును నియమించేది. దాని స్థానంలో వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి హక్కుల విషయంలో ఎంతో ముందడుగు. వ్యాధి ఉన్నంత మాత్రాన మతిలేనివారని ముద్ర వేయకూడదని చెప్పింది, నామినీ ప్రతినిధిని ఎంచుకునే హక్కు ఇచ్చింది. అయితే ఆ ప్రతినిధి అధికారం వైద్యానికే పరిమితం. ఆస్తి అధ్యాయాన్ని తీసేసి దాని చోట మరొకటి పెట్టలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత సంరక్షకత్వం ఉంది, కానీ తల్లికి వచ్చిన మరపును వైకల్యంగా రుజువు చేసుకుని, అక్కడి నుంచి అద్దె ఇంటి అడ్వాన్సు దాకా నడవడం మామూలు కుటుంబం వల్ల అయ్యే పని కాదు. మతి తప్పిన వ్యక్తి మీద దావా వేస్తే అతని తరఫున నిలబడే మనిషిని సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ ఏర్పాటు చేస్తుంది. అంటే తగాదా కోర్టుకెక్కితే ప్రతినిధి దొరుకుతాడు, తగాదా లేకుండా ముగించుకోవడానికి దొరకడు.

మిగిలింది హైకోర్టు. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించే చట్టమేదీ లేదని గుర్తించి, కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో, అలహాబాద్ హైకోర్టు 2020లో ఉమా మిట్టల్ కేసులో, రాజ్యాంగం 226వ అధికరణం కింద తామే మార్గదర్శకాలు ఇచ్చుకున్నాయి. చట్టసభ వదిలేసిన ఖాళీని న్యాయస్థానాలు పూడ్చాల్సి వచ్చిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. విజయవాడకు అమరావతి నేలపాడు హైకోర్టు కనుచూపు దూరమే. అయినా ఒక పోర్షన్ ఖాళీ చేయడానికి, మూడెకరాల మక్తా తేల్చుకోవడానికి రిట్ పిటిషన్ వేయమని ఏ పెద్దమనిషీ సలహా ఇవ్వడు. కొన్ని సంస్థలు తమ పరిధిలో కొంత ఆలోచించాయి. జబ్బుతో సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్రను ఇద్దరు సాక్షుల ఎదుట, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయితే, అంగీకరించవచ్చని రిజర్వ్ బ్యాంక్ ఎన్నడో చెప్పింది. కదలలేనివారి ఇంటికి రిజిస్ట్రారు వచ్చే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. శరీరం సహకరించని పెద్దలకు ఇవి చాలు. మనసు సహకరించనివారి దగ్గర ఈ ఏర్పాట్లన్నీ ఆగిపోతాయి. రాసిచ్చే వ్యక్తికి మతి లేదనిపిస్తే దస్తావేజును తిరస్కరించాలని అదే రిజిస్ట్రేషన్ చట్టం రిజిస్ట్రారును ఆదేశిస్తుంది, అది సరైన ఆదేశమే.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పాయో చూడడం మనకు పనికొస్తుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1954లోనే, రాసినవారి తెలివి పోయినా నిలిచి ఉండే ముక్త్యార్‌కు చట్టం చేసింది, ఇప్పుడు అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ ఇది ఉంది. సింగపూర్ 2008లో చట్టం చేసుకుంది. ఇంగ్లండ్‌లో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ 2007 నుంచి అమల్లో ఉంది. అక్కడ స్థానిక కౌన్సిళ్లు అద్దెకిచ్చే ఇళ్లలో ఎంతోమంది వృద్ధులు ఉంటారు. వాళ్లలో ఒకరు మతిమరుపుతో సంరక్షణ గృహానికి మారాల్సి వస్తే, ముందే నమోదైన అధికారం ఉన్న కొడుకో కూతురో సాధారణంగా నాలుగు వారాల నోటీసు ఇచ్చి ఇల్లు అప్పగిస్తారు. అధికారం లేని బంధువు సంతకం కౌన్సిల్‌కు చాలదు, కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కు వెళ్లాలి. అద్దె ఒప్పందాన్ని ముగించడం లాంటి ఒక్క పనికే పరిమితమైన ఉత్తర్వును ఆ కోర్టు ఇవ్వగలదు. అంటే ముందుచూపు ఉన్నవారికి సులువైన దారి, లేనివారికి కాస్త దూరమైన దారి, రెండూ ఉన్నాయి. మన దగ్గర రెండూ లేవు. పిల్లలు డాలస్‌లో తమ కోసం ఇలాంటి కాగితం అరగంటలో రాసుకోగలుగుతున్నారు, ఉయ్యూరులో ఉన్న నాన్న మాత్రం రాయలేకపోతున్నాడు.

ఇది ఢిల్లీ చేయాల్సిన పని కదా అనే అభ్యంతరం ముందుగా వస్తుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరిచి చూస్తే జవాబు దొరుకుతుంది. ఉమ్మడి జాబితాలోని 7వ అంశం ఒప్పందాల గురించి చెబుతూ ఏజెన్సీని పేరు పెట్టి మరీ చేర్చింది. వ్యవసాయ భూమికి సంబంధించిన ఒప్పందాలను దాని నుంచి మినహాయించింది, ఎందుకంటే భూమి, యజమాని కౌలుదారు సంబంధాలు రాష్ట్ర జాబితాలోని 18వ అంశం. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌కు ఆంధ్రప్రదేశ్ వరకు సవరణ తెచ్చి, 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం పొందడానికి అడ్డేమీ లేదు. కౌలు భాగానికి సంబంధించిన నియమాలు చేసుకోవడానికి రాష్ట్రానికి ఇంకా విశాలమైన అధికారమే ఉంది. రాసే వ్యక్తి తెలివిగా ఉన్నప్పుడే, దాని అర్థం తెలుసని ఒక ప్రభుత్వ వైద్యుడూ సంబంధం లేని ఇంకొక సాక్షీ ధ్రువీకరించాక, రిజిస్టరైన ముక్త్యార్ మతి తప్పాక కూడా నిలుస్తుందని చెప్పే ఒక చిన్న చట్టం చాలు. ముందుగా రాసుకోనివారి కోసం ఆర్డీవోకు ఒక పరిమిత అధికారం ఇవ్వవచ్చు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007 కింద ట్రైబ్యునల్‌గా ఆయన ఇప్పటికే కూర్చుంటున్నారు. పెద్దలు అశక్తులైతే వారి తరఫున వేరొకరు దరఖాస్తు చేయవచ్చని, ట్రైబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చని ఆ చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. విజయవాడ, గుడివాడ, ఉయ్యూరు, మచిలీపట్నం డివిజన్లలో కొత్త కోర్టు కట్టనక్కర్లేదు. నివాస అద్దెను ముగించడం, అడ్వాన్సు రాబట్టి పెద్దల ఖాతాలో వేయడం, కౌలు పత్రం మీద సంతకం, ఈ మూడింటికే ఆ ఉత్తర్వు పరిమితమైతే చాలు.

బలమైన అభ్యంతరం దుర్వినియోగం గురించినది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఆస్తి రాయించుకుని కన్నవాళ్లను బయటికి నెట్టిన పిల్లల మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి కనుకనే 2007 చట్టంలో 23వ సెక్షన్ పుట్టింది. పోషిస్తామని రాయించుకుని పోషించకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చని అది చెబుతుంది. అలాంటి పిల్లల చేతికి, ప్రశ్నించే తెలివి లేని తల్లి మీద అధికారం ఇవ్వడం ప్రమాదం కాదా? ప్రమాదమే, కానీ ఆ ప్రమాదం ఇప్పుడు లేదనుకోవడం పొరపాటు. చట్టబద్ధమైన దారి లేనిచోట వెనకటి తేదీ వేసిన కాగితాలు, నిద్రలో ఉన్న మనిషి బొటనవేలికి రాసిన ఇంకు, ఏటీఎం కార్డు తీసుకెళ్లే చిన్న కొడుకు, ఇవే రాజ్యమేలుతాయి. వాటికి లెక్క చెప్పాల్సిన మనిషి ఉండడు. నమోదైన అధికారానికి పేరు ఉంటుంది, హద్దు ఉంటుంది, ఏటా ఆర్డీవో దగ్గర దాఖలు చేయాల్సిన లెక్క ఉంటుంది, మిగతా తోబుట్టువులకు నకలు అందుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ అధికారంతో భూమి గానీ ఇల్లు గానీ అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, దానంగా రాసుకోవడానికి వీలుండకూడదు. వాటికి జిల్లా కోర్టు అనుమతి తప్పనిసరి చేయాలి. విదేశీ నమూనాను యథాతథంగా దించుకోవద్దని నేననేది ఇక్కడే. ఇంగ్లండ్‌లో ఇలాంటి అధికారంతో ఇల్లు కూడా అమ్మవచ్చు. ఎకరం ధర చుట్టూ కుటుంబాలు చీలిపోయే మన డెల్టాలో అంత వదులు ఇవ్వకూడదు.

కౌలు రైతుల వైపు నుంచి వచ్చే అనుమానం వేరు. ఇప్పుడు మంచాన పడ్డ పెద్దాయన ఎవరినీ లేపలేడు, రేపు కొడుక్కి అధికారం వస్తే అమెరికా నుంచే ఒక నోటీసుతో లేపేస్తాడు కదా అని. ఈ అనుమానంలో నిజం ఉంది, అందుకే చట్టంలోనే జవాబు రాయాలి. పెద్దాయన తరఫున వచ్చే మనిషికి పెద్దాయనకు ఉన్న హక్కులు ఎంతో, బాధ్యతలూ అంతే. ఆయన ఇచ్చిన మాట ఆ పంట కాలం వరకూ కట్టిపడేస్తుంది. నారు పోసిన చేలో నోటీసు చెల్లకూడదు, దాళ్వా కోత అయ్యాకే కౌలు ముగియాలి. అధికారం పుచ్చుకున్న మనిషి సాగుదారు హక్కు పత్రానికి సంతకం పెట్టనంటే, అదే ఆర్డీవో ఆ సంతకానికి బదులు ఉత్తర్వు ఇవ్వగలగాలి. ఈ రక్షణలు ఉంటే కొత్త చట్టం కౌలు రైతుకు ఇప్పటికంటే మేలే చేస్తుంది. ఎవరితో మాట్లాడాలో, మక్తా ఎవరికి కొలవాలో అతనికి మొదటిసారి కచ్చితంగా తెలుస్తుంది.

అందరికంటే తక్కువ వినపడే గొంతు ఆ పెద్దావిడదే. అద్దె ఇల్లే అయినా ముప్పై ఏళ్లు ఉన్న పోర్షన్ ఆమెకు ఊరు, ఇరుగుపొరుగు, గుడి, సాయంత్రం కూర్చునే అరుగు. ఆమె ఆస్పత్రిలో ఉండగా ఇల్లు ఖాళీ చేసేయడం పిల్లలకు వీలు, ఆమెకు అది తెలియకుండా జరిగిన నష్టం. తేదీ చెప్పలేని మనిషికి ఏ ఇంట్లో ఉండాలనుందో చెప్పే తెలివి ఉండవచ్చు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ కూడా మతి వచ్చీపోయే మనిషి, మతి ఉన్న వేళ చేసిన ఒప్పందాన్ని ఒప్పుకుంటుంది. కనుక ఉత్తర్వుకు ముందు ఒక అధికారి ఆమెను స్వయంగా చూసి, ఆమె మాటను ఆమె మాటల్లోనే నమోదు చేయాలన్నది ఈ చట్టంలో విడదీయరాని షరతు కావాలి. వాయిదా వేయగలిగితే వేయాలి, సామాను జాబితా రాయాలి, తాళం ఒకటి ఆమె దగ్గర కొన్నాళ్లు ఉంచగలిగితే ఉంచాలి.

ఇంతకాలం జరిగిపోతూనే ఉంది కదా, చట్టం ఎందుకు అనేవారు కూడా ఉన్నారు. ఇరుగుపొరుగు మంచితనం మీద, ఊరి పెద్దల మాట మీద చాలా పనులు జరిగిపోయాయన్నది నిజం. ఆ ఏర్పాటు నిలబడింది ఊళ్లో ఒకరికొకరు తెలిసిన రోజుల్లో, కనీసం ఒక్క కొడుకైనా ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో. ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చినవారు కూడా వేరే ఊళ్లో ఉంటున్నారు, కౌలు రైతు పక్క మండలం నుంచి వస్తున్నాడు, పిల్లలు ఫోన్లో ఉంటున్నారు. మంచితనం ఉన్నచోట ఈ చట్టం ఎవరికీ అడ్డురాదు. లేనిచోట అదొక్కటే ఆసరా.

శాసనసభ ఈ పని చేసేదాకా కుటుంబాలు చేసుకోగల ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. అద్దె ఒప్పందం తల్లితోపాటు కూతురి పేరున కూడా రాసుకోవచ్చు, ఇద్దరిలో ఎవరి నోటీసైనా చెల్లుతుందని, అడ్వాన్సు ఎవరికైనా తిరిగి ఇవ్వవచ్చని అందులోనే రాయించవచ్చు. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్చుకోవచ్చు. కౌలు మాట నోటితో ఆగకుండా, మక్తా ఎంతో, ఎప్పటిదాకానో, పెద్దాయనకు వీలు కానప్పుడు ఎవరితో మాట్లాడాలో ఒక కాగితం మీద పెట్టి ముగ్గురూ సంతకాలు చేసుకోవచ్చు. ఇవన్నీ పెద్దవాళ్ల తెలివి బాగున్నప్పుడే జరగాలి. వీటితో పూడేది గుంటలో కొంతే. మిగతాది పూడ్చే అధికారం ఉన్నది వెలగపూడిలో కూర్చున్నవారికి. ముసలితనం పెరుగుతోందని, పిల్లల్ని ఎక్కువ కనమని చెబుతున్న ప్రభుత్వం, ఇప్పటికే ముసలివాళ్లయినవారి సంతకం సంగతిని వచ్చే సమావేశాల్లోనే ఒక బిల్లుగా సభ ముందు పెట్టాలి. కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల శాసనసభ్యులు దాన్ని అడిగి తెప్పించాలి.